ద్వితాళ బీరువా విజయము

ఏ పట్టణపు పాదాలను రేయింబవళ్లు కడిగి కడిగి సముద్రుడికే చేతులు నొప్పిపుడతాయో, ఏ పట్టణపు పొలిమేరలో ఉక్కు కర్మాగారానికి పునాదులు తవ్వుతూనే ఏళ్లు పూడిపోతున్నాయో, ఆ విశాఖపట్టణ మహానగరమందు, పందొమ్మిదివందల ఎనభై ఒకటవ సంవత్సరం జులై నెలలో ఒక గురువారం మధ్యాహ్నం, ఉత్తర సాగర విశ్వవిద్యాలయ ప్రవేశ విభాగంలో ఒక ఇనుప బీరువా ముందు ఘోర సంగ్రామం జరిగింది. పనిపాటలు కాస్త పక్కన పెట్టి వినండి.

ఆ రణరంగాన ఒంటరిగా నిలిచిన వీరవనిత షబానా. పాతనగర వీథీమణిదీపిక, బి.ఎస్సీ. ప్రథమశ్రేణీ విరాజిత, తాళంకప్పల శిల్పి అబ్దుల్ వహాబ్ గారి ఏకైక పుత్రిక. ఆమె ధరించిన ఆయుధం ఎమ్మెస్సీ రసాయనశాస్త్రానికి పెట్టుకున్న దరఖాస్తు. సాయంత్రం ఐదు గంటలలోగా దానిమీద ‘ముట్టినది’ అనే ముద్ర పడాలి. పడకపోతే చిత్తుకాగితమే. తొమ్మిది రోజులుగా మనవరాలు ఉత్త చేతులతో తిరిగి రావడం చూసి విసిగిన దాదీ రసూల్ బీ, “ఇవాళ కూడా ముద్ర లేకుండా వత్తే ఆ కాగితం పొయ్యిలోకే, నీ సదువు కూడా ఇంతటితో సరి” అని పొద్దున్నే తీర్పు చెప్పేసింది. ఆ ఇంట్లో అధికారం ఎవరిదన్న సందేహం ఏనాడూ ఎవరికీ రాలేదు.

విశ్వవిద్యాలయంలో మాత్రం వచ్చింది. విద్యార్థులను చేర్చుకునే అధికారం తనదంటే తనదని రిజిస్ట్రారు అచ్యుతరామయ్య, ప్రిన్సిపాలు శ్రీరామ్మూర్తి భీకర ప్రతిజ్ఞలు చేసి, ముద్రను బీరువాలో బంధించి, ఒకరి మీద పోటీగా ఒకరు దానికి చెరొక తాళం బిగించారు. ముందు తన తాళం తీసినవాడు రెండోవాడికి అటెండరుతో సమానమట! అందుకని తొమ్మిది రోజులుగా ఎవరూ తీయలేదు.

“ఓయీ ప్రిన్సిపాలూ!” అని గర్జించాడు అచ్యుతరామయ్య, కుర్చీలోంచి లేవకుండానే. “శాసనసభ ఆమోదించిన చట్టమే కవచంగా, సిండికేటు తీర్మానాలే శరపరంపరగా నేను కొలువై ఉండగా ప్రవేశాధికారం నీకెక్కడిది? ముందు నీ తాళం విప్పి శరణు వేడుము. పిదప కరుణింతును!”

“ఓరీ దస్త్రవాహకా!” అని ఎదురుగదిలోంచి శ్రీరామ్మూర్తి ప్రతిగర్జన చేశాడు. “పాఠం చెప్పువాడను నేను, పరీక్ష పెట్టువాడను నేను! కాగితాలకు చిల్లులు పొడిచి దారాలు కట్టు నీకు ఎవరు చదవవలెనో తేల్చు యోగ్యతయా? కల్పాంతమైనను ముందుగా నా తాళం తెరువను!”

షబానాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని చేర్చుకోవాలో తేల్చే హక్కు కోసం కుత్తుకలు తెగేలా అరుస్తున్న ఈ ఉద్దండులిద్దరిలో ఒక్కరైనా, చేరడానికి వచ్చి వరండాలో బారులు తీరినవాళ్ల ముఖాలు చూశారా? ఆమె దరఖాస్తులో పేరైనా చదివారా? గడియారం నాలుగున్నర దాటింది.

ఆమె అటెండరు గవర్రాజును పట్టుకుంది.

“నానేటి సేత్తానమ్మా?” అన్నాడు గవర్రాజు దీనంగా. “ఒకాయన తియ్యమంటే ఇంకొకాయన సంపేత్తాడు. ఆ తాళాలు రెండూ తెచ్చినోణ్ణి నానే. పొద్దున ఈయన, మజ్జానం ఆయన, లోకంలో ఇంకెవుళూ తియ్యలేని తాళం తెమ్మన్నారు. రెండూ కురుపాం మార్కెట్టు కాడ ఒక్క కొట్లోనే కొన్నాను.”

షబానా వంగి చూసింది. రెండు కప్పలకూ చెవి పెట్టే కన్నం కింద చిన్న నెలవంక గుర్తు ఉంది. వరండాలో సైకిలు పట్టుకుని నిలబడ్డ తండ్రిని పిలిచింది.

“మన కప్పలే బేటీ,” అన్నాడు వహాబ్, కన్నబిడ్డల్ని చూసినట్టు చూసి. “పోర్టు గోడౌన్ల సావుకార్లు ఆరు తలుపులకీ ఒకటే సెవి అడుగుతారు. అందుకే అచ్చుకి ఆరు కప్పలు సేత్తాను, ఆరింటికీ ఒకటే సెవి. ఏరేరు కావాలంటే ముందే సెప్పాల కదా బావా?”

“నన్నెవుడు అడిగినాడు బావా!” అన్నాడు గవర్రాజు, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని.

వహాబ్ మొలతాటికి ఉన్న తాళాల గుత్తిలో అటువంటి చెవి ఇంకొకటి ఉంది. ఆయన చెయ్యి అటు పోబోతే, దొంగతనం అంటగడతారని షబానా ఆపింది. గదుల మధ్య నిలబడి గొంతెత్తింది.

“అయ్యా, మీలో ఎవరి తాళంచెవితోనైనా రెండు తాళాలూ వస్తాయట. ముందు ఎవరు తీస్తే బీరువా వారిదే!”

అంతే! తొమ్మిది దినాలు కదలని ఆ రెండు కొండలు ఒక్కసారిగా కదిలాయి. కుర్చీలు దొర్లాయి, దస్త్రాలు దుమ్మెత్తాయి, ఉత్తరీయాలు ముడిపడ్డాయి. బీరువా ముందు భుజం భుజం ఒరుసుకుంటూ, ఎదుటివాణ్ణి జయించాలన్న ఆత్రంలో అచ్యుతరామయ్య ప్రిన్సిపాలు తాళమూ, శ్రీరామ్మూర్తి రిజిస్ట్రారు తాళమూ తెరిచారు. “గెలిచాను!” అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. గవర్రాజు వాళ్ల చంకల కిందనుంచి దూరి ముద్ర అందుకున్నాడు. సిరా ఎండిపోయి ఉంటే నోటి ఆవిరి పట్టించి, దరఖాస్తు మీద ఠప్పున కొట్టాడు. ఐదుకు రెండు నిమిషాలు తక్కువ.

జయము! జయము! సీటు కాదు, సీటు కావాలని అడిగినట్టు గుర్తు, అదీ తలకిందులుగా, సగం సిరాతో! వరండాలో నిలిచిన తక్కిన పదమూడు మంది దరఖాస్తులకూ అదే వైభవం దక్కింది. అటు, ఎవరి తాళం ఎవరు తీశారని ఉద్దండులిద్దరూ కొత్త యుద్ధం మొదలుపెట్టారు. అధికారం ఎవరిదో నేటికీ తేలలేదని వినికిడి.

ఇంటి దగ్గర రసూల్ బీ కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని తిప్పి పట్టుకుని, ముద్రను వేలితో తడిమి చూసింది.

“సరే,” అంది. “సదువుకో.”

ఆ సాయంత్రం విశాఖపట్టణంలో అధికారం ఉన్న మనిషి పలికిన మాట అదొక్కటే. ఈ గాథ విన్నవారి దరఖాస్తులు బీరువాల పాలు గాకుండుగాక!