పోచన్న అడిగిన కిటికీ

షార్జా నుంచి ధైద్ వెళ్లే దారిలో ఉన్న ఒక పాడి తోటలో, 1982వ సంవత్సరం మే నెల ఏడవ తేదీ శుక్రవారం నాడు, ‘పల్లె కుటీరం’ అనే విడిది గృహం సభామర్యాదలతో ప్రారంభమైనది. దుబాయి కరామాలోని భోజనశాలల గోడలకు అంటించిన ప్రకటన ప్రకారం అది నిజమైన తోటలోని నిజమైన పశువుల కొట్టం. అందులో రెండు రోజులు బస చేసినవారికి నిజమైన మనశ్శాంతి ఖాయం. అప్పటిదాకా అందులో పోచన్న ఉండేవాడన్న సంగతి ఒక్కటే ప్రకటనలో లేదు. అన్నీ రాయాలంటే కాగితం చాలదు కదా.

న్యాయంగా చెప్పాలంటే ఆ కొట్టం పోచన్న కోసం కట్టినది కాదు. హాలండు నుంచి విమానంలో దిగిన ఆవుల కోసం కట్టారు. మొదటి వేసవిలోనే పశువైద్యుడు వచ్చి, లోపల ఉష్ణమాపకం వేలాడదీసి, నలభై ఆరు డిగ్రీలని చదువుకొని, “ఇది ప్రాణమున్న జీవి ఉండదగిన చోటు కాదు” అని రాసి సంతకం చేశాడు. ఆవులను ఆ మధ్యాహ్నమే ఏసీ బిగించిన కొత్త కొట్టంలోకి తరలించారు. కట్టిన గోడలు వృథా పోకూడదు కనుక ఆ సాయంత్రమే పాత కొట్టంలో కూలీలను దించారు. వారు నలుగురు. కోరుట్ల పక్క పల్లె నుంచి వచ్చిన పోచన్న వారిలో పెద్దవాడు. అదే ఊరి పర్శరాములు రెండోవాడు. మిగిలిన ఇద్దరూ ఎన్నడూ నోరు విప్పలేదు కనుక వారి పేర్లు ఈ కథలో లేవు. తోట రికార్డులోనూ లేవు.

పోచన్నకు కోరిక ఒక్కటే ఉండేది. తన మంచానికి ఎగువన, తూర్పు గోడకు, ఒక కిటికీ. తోట ముదీరు, అంటే మేనేజరు, విజయరత్నం గారు భీమవరం వైపు మనిషి, వ్యవసాయశాస్త్రంలో పట్టభద్రుడు, రూలు తప్పని వ్యక్తి. రెండేళ్లలో పోచన్న ఆయన ముందు ఏడుసార్లు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“సార్, ఒక్క కిటికి వెట్టియ్యుండ్రి. లోపట గింజలు ఉడికినట్టు ఉడుకుతున్నం.”

“రికార్డు చూడాలి కదా పోచన్నా! ఆ షెడ్డు ప్రాణమున్నవాళ్లు ఉండకూడని చోటని డాక్టరు రాశాడు. అంటే అందులో ఎవరూ లేరు. ఎవరూ లేని చోట కిటికీ ఎవరికోసమయ్యా?”

“మేమున్నం గద సార్.”

“ఉన్నారయ్యా, నేను లేరన్నానా? రికార్డులో లేరు. ఖలాస్, యల్లా, పనికి పో.”

ఇంతటి తర్కం విన్నాక పోచన్న తానే ఒక దారి చూసుకున్నాడు. దాణా వచ్చిన గోనెసంచులు రెండు కలిపి కుట్టి, గుమ్మానికి వేలాడదీసి, వీలు దొరికినప్పుడల్లా నీళ్లు చల్లేవాడు. వేడిగాలి ఆ తడి గోనె గుండా దూరి కాస్త మెత్తబడి లోపలికి వచ్చేది. ఒకనాడు తెలుగు సంఘం అధ్యక్షుడు శాంతరాజు గారి కారు ఆ దారిలో వేడెక్కి ఆగిపోయింది. ఆయన నీళ్లకోసం వచ్చి, గోనె వెనక నిలబడి, కళ్లు మూసుకొని, “ఆహా! ఏమి చల్లదనం! మా తాతగారి పాక జ్ఞాపకం వస్తోంది. ఇలాంటి చోట రెండు రోజులు ఉండగలిగితే జన్మ ధన్యం,” అన్నారు. అక్కడ రెండేళ్లు ఉన్న పోచన్న తన జన్మ సంగతి తడుముకొని చూసుకున్నాడు. విజయరత్నం గారు మాత్రం తోట యజమాని అయిన కఫీలు దగ్గరకు పరుగెత్తారు.

మరుసటి వారమే సిమెంటు వచ్చింది, ఇటుకలు వచ్చాయి, నాలుగు కిటికీల చట్రాలు వచ్చాయి. తన మొర ఆలకించారని పోచన్న అనుకున్నాడు. ఒకటి అడిగితే నాలుగు ఇచ్చిన దొరతనాన్ని చూసి అతని కళ్లు చెమర్చాయి. డ్యూటీ అయ్యాక కూడా ఆగి సున్నం కలిపాడు. తూర్పు గోడకు సుద్దముక్కతో తానే గీత గీసి, “గీడ వెట్టుండ్రన్నా, నా నెత్తి మీదికే గాలి రావాలె,” అని మేస్త్రీని బతిమాలి, కిటికీ రెక్కలు బయటికి తెరుచుకునేలా బిగింపించుకున్నాడు. ఆ కిటికీ తెరిచి మంచం మీద ఒకసారి పడుకొని చూశాడు. గాలి వచ్చింది. అప్పుడే విజయరత్నం గారు లోపలికి వచ్చి, పెట్టె సర్దుకోమన్నారు. మంచం మాత్రం తీయవద్దన్నారు, అది చూడముచ్చటగా ఉందట.

నలుగురూ పంపు గది పక్కన ఖర్జూరపు చెట్ల కిందికి మారారు. కుటీరంలో రెండు ఏసీలు, రంగుల టీవీ, పూల తెరలు వెలిశాయి. పోచన్న నులక మంచాన్ని గోడవారగా నిలిపి, ‘తాకరాదు’ అని పలక తగిలించారు. గోనెపట్టాను ఉన్నచోటే ఉంచారు. అతిథులు వచ్చేది దానికోసమే కదా. లోపల ఏసీ ఉన్నా బయట గోనె తడిగా ఉండకపోతే పల్లె వాతావరణం రాదని వారు ఫిర్యాదు చేయడంతో, నీళ్లు చల్లే పదవిని పోచన్నకే అనుగ్రహించారు. అనుభవజ్ఞుడు కదా.

ప్రారంభోత్సవంలో శాంతరాజు గారు సిల్కు లాల్చీ సర్దుకొని ప్రసంగించారు. “సోదరులారా! లోకరక్షకుడు పుట్టినది రాజభవనంలో కాదు, పశువుల పాకలో! నేడు మనం కూడా ఆ దీనత్వాన్ని స్వచ్ఛందంగా, రెండు రోజులపాటు, భోజనవసతితో సహా స్వీకరిస్తున్నాం!” కరతాళధ్వనులు మిన్నంటాయి. ఏసీ కాస్త తగ్గించమని ఆయన భార్య సంతోషకుమారి గారు శాలువా కప్పుకుంటూ కోరారు. బయటికి వచ్చి పోచన్నను ఆప్యాయంగా పలకరించారు.

“ఇంతకుముందు ఇందులో ఏముండేవయ్యా, ఆవులా?”

“ముందుగాల ఆవులుండె మేడమ్. తర్వాత మేముంటిమి.”

“ఎంత అదృష్టవంతులయ్యా!” అన్నారామె. ఆ మాటలో కల్మషమేమీ లేదు.

జూన్ వచ్చింది. చెట్ల కింద ఇసుక పెనంలా కాలింది. పర్శరాములు గడ్డి కోస్తూ కోస్తూ కుప్పకూలాడు. అతనికి తెలివి రాగానే తట్టిన ఆలోచన ఏమిటంటే, కొత్త కొట్టంలో నలభై ఆవులకు జాగా ఉంది, ఉన్నవి ముప్పై ఆరే.

“రిజిస్టరుల నంబరు లేనోళ్లు అండ్ల ఉండొద్దంటరు,” అన్నాడు పోచన్న.

“నంబరేనాయె? రాయించుకుందాం కాకా! ఆవులని రాసుకుంటే నీ సొమ్మేం బోతది? ఊర్ల నీ పెండ్లాం సాయవ్వ నిన్ను దున్నపోతనే గద పిలుస్తది!”

విజయరత్నం గారు మూడు రోజులు రూళ్లు తిరగేసి, అభ్యంతరం కనిపించక, ఉత్తర్వు జారీ చేశారు. “పై నలుగురిని పశువుల రిజిస్టరులో 37 మొదలు 40 వరకు నమోదు చేయడమైనది. వీరినుంచి పాలు ఆశించరాదు. వీరికి దాణా ఇవ్వరాదు. తక్కిన సదుపాయములన్నియు వర్తించును.”

ముప్పై ఏడో నంబరుగా పోచన్న జీవితం బాగుపడిందని ఒప్పుకోక తప్పదు. చల్లటి గాలి, కడిగిన నేల, సోమవారం సోమవారం పశువైద్యుడు. రెండేళ్లలో మొదటిసారి ఒక డాక్టరు అతని నాలుక చూశాడు, జ్వరం ఉందేమోనని ఒళ్లు పట్టి చూశాడు. పోచన్నకు ఏడుపొచ్చింది. “కంట నీరు: కారణం తెలియదు” అని డాక్టరు రాసుకున్నాడు.

ఉన్న సంగతి దాచకుండా అతడు క్యాసెట్టులో మాట నింపి ఇంటికి పంపాడు. ఆవుల నడుమ పడుకుంటున్నానని, తనకు ఆవు నంబరు వేశారని చెప్పాడు. నెల తిరక్కుండా సాయవ్వ క్యాసెట్టు వచ్చింది.

“ఊరంత మన వాకిట్లనే కూసోని ఇన్నరయ్యా. నీ మాటల ఎనుక గుయ్యిమని మోగేది ఏసీయేనట గద! సర్పంచి మూడుమాట్లు ఎనుకకు తిప్పిచ్చి ఇన్నడు. మా తమ్మునికి గూడ ఆ ఆవుల కాడ జాగ జూడు. మనిషి వీసనే కావాల్నని లేదట, ఏదైనా పర్వలేదంటుండు.”

పోచన్న జాగా చూసేలోపే సెప్టెంబరులో హాలండు నుంచి నాలుగు ఆవులు దిగాయి. అసలు 37 నుంచి 40 వరకు అవేనని తేలింది. పూర్వం ఒకసారి సత్రంలో చోటు లేకపోతే పశువుల పాకలోనైనా దొరికింది. పాకలో కూడా లేకపోవడం విజయరత్నం గారి పరిపాలనలోనే సాధ్యపడింది. నలుగురూ మళ్లీ చెట్ల కిందికి చేరారు. పోచన్న ఎనిమిదోసారి చేతులు కట్టుకున్నాడు.

“పాత కొట్టంల ఓ మూలకు పంటం సార్.”

“కుటీరం ఈ శుక్రవారం తెలుగు సంఘానికిచ్చామయ్యా. సదస్సు పెట్టుకుంటున్నారు. నీ మేలుకే! వెళ్లి గోనె తడుపు.”

సదస్సు విషయం: ‘గల్ఫు శ్రామికుల గృహవసతి – మన కర్తవ్యం’. వైద్యులు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, విద్యావంతులైన వారి సతీమణులు, నలభై మంది విచ్చేశారు. శాంతరాజు గారు లేచి చేతులు చాచారు. “మిత్రులారా! ఒక్క కిటికీ, ఒక్క కిటికీకి నోచుకోని సోదరులు ఈ ఎడారిలో ఎందరో! నా మాట మీకు అతిశయోక్తి కావచ్చు. మీ కళ్లతో చూడండి!” అంటూ తూర్పు గోడ కిటికీని బార్లా తోశారు. బయట పోచన్న బిందెతో నిలబడి ఉన్నాడు. సుద్దగీత గోడమీద ఇంకా కొంచెం కనిపిస్తోంది. నలభై మందీ అతణ్ని తనివితీరా చూశారు. కొందరు కళ్లు ఒత్తుకున్నారు. ప్రతి శ్రామికునికీ ఒక కిటికీ ఉండవలెనన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఇంతలో లోపలినుంచి ఎవరో, “అబ్బా, వేడొచ్చేస్తోందయ్యా! ఆ కిటికీ మూసెయ్,” అన్నారు.

రెక్కలు బయటికి తెరుచుకునేవి కనుక పోచన్నే మూశాడు.

ఆ కేక వేసినది ఎవరో సదస్సు నివేదికలో నమోదు కాలేదు. ఆ నలభై మంది పేర్లు మాత్రం అచ్చయ్యాయి. చదువరులు ఎవరి పేరు వారు వెతుక్కోవచ్చు.