తొమ్మిదో గడిలో మేనత్త

ద్రాక్షపండు తనకి ఇష్టమొచ్చినప్పుడు పండే చోటుని దేశం అనరు, అడవి అంటారు. ఈ సత్యాన్ని గ్రహించిన ఘనత బెకా లోయలోని ద్రాక్ష పక్వత నిర్ధారణ మండలిది. మండలి పుట్టక ముందు ఆ లోయలో కొన్ని వేల ఏళ్లపాటు పళ్లు ఎవరి అనుమతీ లేకుండా పండాయి. జనం ఎవర్నీ అడక్కుండా కోశారు, తొక్కారు, తాగారు, పాడుకున్నారు. (ఆ రోజుల్లో ఎన్ని ఘోరాలు జరిగాయో లెక్క లేదు. ఫారాలు లేవు మరి.)

ఇప్పుడు అలా కాదు. ద్రాక్ష కొయ్యాలంటే పదిహేడో నంబరు ఫారం నింపాలి. దాని మీద స్టాంపు అంటించాలి. స్టాంపులు దేశంలో దొరకవు. దొరకవని ఊరి పెద్ద ముఖ్తార్ దగ్గర రాయించుకొస్తే ఆ కాగితం చెల్లుతుంది, అయితే దాని మీద కూడా స్టాంపు ఉండాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నా ఏటా కోతలు జరిగిపోతూనే ఉన్నాయంటే అది ఆ లోయ జనం మొండితనం తప్ప ఇంకేం కాదు.

నఖ్లే ఖువైరీ మొండివాడు కాదు, అదే వచ్చిన చిక్కు. జహ్లే ఊరి బయట కొండవాలు మీద వాళ్లకి చిన్న తోట, తోట వెనక రాతి కొట్టం, కొట్టంలో నాలుగు తొట్లు, ఓ ఇరవై పీపాలు. తాత నాటిన సెన్సో, కారిన్యాన్ రకం ద్రాక్ష తీగలు కింద వరసల్లో ఉంటాయి. పైన, రాళ్లెక్కువగా ఉన్న రెండెకరాల్లో సిరాహ్. వాళ్ల వైన్‌కి పేరంటూ ఉందంటే ఆ సిరాహ్ వల్లే. అయితే రెండేళ్లుగా ఆ పేరు సీసాలో పడలేదు. ముందటేడు డీజిల్ దొరక్క చల్లబరిచే యంత్రం ఆగిపోయి తొట్లలో ఉన్నదంతా పులిసి కూర్చుంది. నిరుడు వడగళ్లు. ఈ ఏడు కూడా పోతే తీగలు పీకించి తోటని బంగాళాదుంపలకి కౌలుకి ఇచ్చేస్తానని నఖ్లే తన భార్య నుహాద్‌కి మాట ఇచ్చాడు. ఆ మాట మేనత్త ఆఫీఫాకి తెలియకుండా ఇద్దామనుకున్నాడు గానీ, ఆవిడ వంటింట్లోనే ఉండి వంకాయలు కూరుతోంది.

"పీకించు నాయనా, పీకించు," అంది ఆవిడ తల ఎత్తకుండా. "ముందు నన్ను పీకించి, తర్వాత వాటి జోలికి వెళ్లు."

ఆఫీఫా అత్తకి డెబ్బై ఆరేళ్లు. ఆ సిరాహ్ మొక్కలు నాటినప్పుడు తడిగోనెలో కట్టలు మోసుకెళ్లింది ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, సంబంధాలన్నీ కోతల్లోనే వచ్చాయి, తీరిక లేకపోయింది అంటుంది. ఆ ఇంట్లో ద్రాక్ష ఎప్పుడు కొయ్యాలో ఆవిడే చెప్తుంది. పొద్దున్నే వరసల మధ్య నడుస్తూ ఒక్కో పండు నోట్లో వేసుకుంటుంది, తొక్క నమిలి ఉమ్మేస్తుంది, గింజ మాత్రం పంటి కింద పెట్టి కొరుకుతుంది. గింజ వేయించిన శనగలా పటుక్కుమని, నాలుక్కి వగరు పట్టకపోతే, "ఇక పట్టండిరా కత్తెర్లు" అంటుంది. యాభై ఏళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

ఫారంలో తొమ్మిదో గడి ఇలా ఉంటుంది: "పక్వతను కొలిచే పరికరం పేరు, తయారైన సంవత్సరం, తయారైన చోటు, క్రమసంఖ్య." కింద ఎర్రటి అక్షరాల్లో, తప్పుడు సమాచారం ఇచ్చినవారికి జైలు.

లోయలో అందరికీ ఈ గడిలో ఏం రాయాలో తెలుసు. చక్కెర కొలిచే ఒక జర్మనీ గొట్టం నంబరు తరతరాలుగా చేతులు మారుతూ వస్తోంది. నలభై మూడు వైన్ కొట్టాలవాళ్లు ఏటా ఆ ఒక్క నంబరే రాస్తారు. (ఆ గొట్టం పాతికేళ్ల కిందట లితానీ నదిలో పడిపోయింది. దాని ఆత్మ మాత్రం ఫారాల్లో క్షేమంగా ఉంది.)

"నువ్వూ అదే రాసి పడెయ్," అంది నుహాద్.

"కింద జైలని ఉంది కదే."

"అందరూ జైలుకి పోతే తోడుంటారుగా. రాయి."

నఖ్లే ఉన్నదున్నట్టు రాశాడు. పరికరం పేరు: ఆఫీఫా. తయారైన సంవత్సరం: 1948. తయారైన చోటు: జహ్లే. క్రమసంఖ్య దగ్గర కాసేపు ఆలోచించి, ఆవిడ గుర్తింపు కార్డు నంబరు వేశాడు. నిజాయితీగా బతికితే వచ్చే నష్టమేంటో ఆ మనిషికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు పాపం.

మూడు వారాలకి మండలి నుంచి ఉత్తరం వచ్చింది. పరికరం నమోదైనందుకు అభినందనలు. తనిఖీ అయ్యేదాకా పరికరాన్ని ఎండలో ఉంచరాదు, కింద పడెయ్యరాదు, అనుమతి లేకుండా చోటు మార్చరాదు. తనిఖీ పూర్తయి కోత అనుమతి వచ్చేదాకా ద్రాక్ష నలిపే యంత్రానికి సీలు వెయ్యబడుతుంది.

"చోటు మార్చకూడదా?" అంది ఆఫీఫా అత్త. "ఆదివారం ప్రార్థనకి వెళ్లొద్దా?"

"అర్జీ పెట్టుకోవాలేమో అత్తా," అన్నాడు నఖ్లే, నీళ్లు నములుతూ.

"పెట్టు మరి. దేవుడికి కూడా ఓ నకలు పంపు, నేనెందుకు రాలేదో తెలుస్తుంది."

తనిఖీకి, జనం గౌరవంగా ఉస్తాజ్ అని పిలిచే మునీఫ్ వచ్చాడు. మండలిలో కొలతల విభాగానికి ఆయనే అధిపతి, ఆయనే గుమాస్తా, జీపు నడిపేదీ ఆయనే. చెడ్డవాడు కాదు. ఇంటికొస్తే కాఫీ రెండు కప్పులు తాగేవాడు, పిల్లల యోగక్షేమాలు అడిగేవాడు. కాకపోతే కాగితం మీద ఉన్నది కళ్ల ముందు లేకపోతే తన కళ్లనే అనుమానించేవాడు. ముందుగా కొట్టంలోకి వెళ్లి నలిపే యంత్రానికి తీగ చుట్టి సీసం బిళ్ల వేశాడు. తర్వాత వంటింట్లోకొచ్చి, "పరికరం ఎక్కడండీ?" అన్నాడు.

నఖ్లే చూపించాడు. ఉస్తాజ్ మునీఫ్ ఆఫీఫా అత్తనీ కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. ఇంకొకడైతే నవ్వేవాడు, లేదా కాగితం చింపేసేవాడు. కానీ ఫారం మీద మూడు సంతకాలున్నాయి, అందులో ఒకటి తనదే.

"చెయ్యి ఇలా పెట్టమ్మా," అన్నాడు.

ఆవిడ మణికట్టుకి, మరియమ్మ బొమ్మున్న గొలుసు పక్కనే, సీసం బిళ్ల కట్టాడు. మెడకి కట్టాలని నిబంధన, కానీ పెద్దావిడ అని గౌరవించాడు. ఆ తర్వాత పరీక్ష. ఒక సీసాలోంచి నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాడు.

ఆవిడ గుటకేసింది. "చప్పగా చచ్చింది. బావిది కాదిది, ఆస్పత్రి నీళ్లు."

"సున్నా సరిగ్గా చూపిస్తోంది," అని రాసుకున్నాడు ఆయన. రెండో సీసాలోంచి చక్కెర నీళ్లు ఇచ్చాడు.

"చక్కెర తక్కువ. పైగా తడిసి గడ్డకట్టిన చక్కెర. వంతెన దగ్గర కొట్లో కొన్నావా? అక్కడ కొనకు అబ్బాయ్, నిన్ను మోసం చేస్తున్నాడు వాడు."

ఉస్తాజ్ మునీఫ్ కలం ఆగిపోయింది. నిజంగానే అక్కడే కొన్నాడు. పద్నాలుగు సీసాలు పరీక్షించాడు, పద్నాలుగూ ఒప్పు. చివరి సీసాలో ఉప్పు కలిపింది నిన్ననా మొన్ననా అనేది కూడా చెప్పిందావిడ. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆయనకి పని మీద భక్తి కలిగింది. నఖ్లే అయితే పొంగిపోయాడు, రేపోమాపో అనుమతి చేతికొస్తుందని.

వచ్చేదే. కానీ ఆఫీసుకెళ్లిన ఉస్తాజ్, ఈ అద్భుతాన్ని మిగతా పరికరాలతో పోల్చి చూద్దామని పాత ఫారాలు బయటికి తీశాడు. (అంతకు ముందు వాటిని ఎవరూ చదివి ఉండలేదు. చదవడానికి కావని అనుకునేవారు.) నలభై మూడు ఫారాలు, ఒకటే నంబరు. సాయంత్రానికల్లా నలభై మూడు అనుమతులూ ఆగిపోయాయి. మర్నాడు మండలి అత్యవసరంగా సమావేశమై కింది తీర్మానం చేసింది: లోయ మొత్తానికి చెల్లుబాటయ్యే పరికరం ఒక్కటే ఉన్నందున, ప్రజాప్రయోజనం కోసం దానిని మండలి స్వాధీనం చేసుకోవడమైనది. రోజుకు నాలుగు తోటలకు మించి వాడితే అరిగిపోవును గనుక నాలుగే. వరస, దరఖాస్తు తేదీని బట్టి. పరికరం యజమాని తన పండ్లను తన పరికరంతో కొలుచుకోవడం స్వార్థం కిందకి వస్తుంది గనుక, ఆయన చివర.

అంటే నఖ్లే నలభై నాలుగోవాడు. పదకొండో రోజు సాయంత్రం ఆఖరివాడు.

మొదటి రోజు పొద్దున్నే జీపొచ్చింది. ఆఫీఫా అత్త జీపెక్కకుండా ముందు చెప్పులు ఈడ్చుకుంటూ పైకి, సిరాహ్ వరసల్లోకి నడిచింది. ఒక పండు, రెండో పండు, మూడో పండు. గింజ కొరికింది. అక్కణ్ణుంచే కేకేసింది:

"ఒరేయ్ నఖ్లే, ఇవాళే! ఇక పట్టండిరా కత్తెర్లు. తూర్పు కొండ అవతల గాలి కమురు వాసనేస్తోంది, ఎల్లుండికి వేడిగాలి దిగుతుంది. రేపటికి కూడా ఆగొద్దు."

నఖ్లే ఉస్తాజ్ వైపు తిరిగాడు. "విన్నారుగా ఉస్తాజ్. ఆవిడే చెప్పింది. సీలు తీసెయ్యండి."

"నేనేమీ వినలేదు నఖ్లే గారూ," అన్నాడు మునీఫ్, నిజంగానే బాధపడుతూ. "పరికరం తనంతట తాను కొలవకూడదు. అడిగినప్పుడు, అడగాల్సినవాడు అడిగితే, చెప్పాలి. పైగా టైము ఎనిమిది కాలేదు."

"నీ టైము తగలెయ్య!" అంది ఆఫీఫా అత్త. "అరవై ఏళ్లుగా నేను పెంచిన తీగలు. అవి పండాయో లేదో నేను చెప్తే చెల్లదు, ఊళ్లో అందరి తోటలకీ చెల్లుతుందా?"

"అదేనమ్మా నిష్పక్షపాతం అంటే," అన్నాడాయన.

నఖ్లే ఆ రోజే అర్జీ పెట్టాడు: మా పరికరం ప్రకారం మా పండ్లు ఈ రోజుకి పండాయి, దయచేసి సీలు తియ్యగలరు. అర్జీ అందినట్టు తేదీ వేసి ముద్ర కొట్టి ఇచ్చారు. అంతకు మించి ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. కోసి ఇంట్లోనే కాళ్లతో తొక్కేద్దామంది నుహాద్. కొట్టంలో లాయరుని కూర్చోబెట్టుకుని తొక్కాలి అప్పుడు అన్నాడు నఖ్లే; అనుమతి లేని రసం ఒక్క చుక్క తొట్లో పడ్డా వైన్ పేరు రద్దవుతుంది, లైసెన్సు పోతుంది. నఖ్లే పొద్దునా సాయంత్రం వరసల మధ్య నిలబడి గుత్తులకేసి చూడటం తప్ప ఏం చెయ్యలేకపోయాడు.

మూడో రోజు వేడిగాలి దిగింది. ఇంటి కప్పుల మీద ఆరబెట్టిన, పెరుగు కలిపిన గోధుమ ఉండలు సగం రోజులో రాళ్లయ్యాయి. ఆకులు చుట్టుకుపోయాయి. ఆరో రోజుకి పండ్లు మెత్తబడ్డాయి, ఎనిమిదో రోజుకి తొక్కలు ముడుచుకున్నాయి. ఆఫీఫా అత్త సాయంత్రాలు జీపు దిగేసరికి పెదాలు నల్లగా, నాలుక మొద్దుబారి, కడుపు ఉబ్బి ఉండేది. ఇతరుల తోటలు లోయ అడుగున నీళ్ల పక్కన ఉండి ఆలస్యంగా పండేవి గనుక చక్కగా కొయ్యబడ్డాయి. ఆవిడ చెప్పిన రోజుకి, చెప్పిన గంటకి. ఆ ఏడు లోయలో ఇంత మంచి పంట ఎప్పుడూ లేదని అందరూ చెప్పుకున్నారు. పెద్ద కొట్టాల వాళ్లు ఇంటికి మిఠాయి పంపించారు. నుహాద్ ఆ పెట్టెలు విప్పకుండా గుమ్మం పక్కన పేర్చింది.

"రేపు కూడా వెళ్లాలా అత్తా?" అని అడిగాడు నఖ్లే ఒక సాయంత్రం.

"వెళ్లకపోతే మన నంబరు రాదటగా," అంది ఆవిడ. నఖ్లేకి ఏడుపొచ్చింది. తొమ్మిదో గడిలో ఆ నది గొట్టం నంబరు రాసి ఉంటే ఈపాటికి తొట్లు నురగలు కక్కుతూ ఉండేవి.

పదకొండో రోజు సాయంత్రం నాలుగున్నరకి నలభై నాలుగో నంబరు వచ్చింది. పరికరం యజమాని పండ్లని మాత్రం, నిబంధన ప్రకారం, తోటలో కాదు, మండలి ఆఫీసులోనే కొలవాలి. నఖ్లే పళ్లెంలో నాలుగు గుత్తులు పట్టుకెళ్లాడు. వాటిని గుత్తులనడం అలవాటు కొద్దీ అనడమే. ఎండి, నల్లబడి, తొడిమలకి అతుక్కున్న కిస్మిస్‌లు. ఆఫీఫా అత్త బల్ల వెనక ప్రభుత్వ కుర్చీలో కూర్చుని ఉంది. పళ్లెం చూసింది, నఖ్లే మొహం చూసింది.

"పరికరానికి నమూనా ఇవ్వండి," అన్నాడు ఉస్తాజ్ మునీఫ్.

ఆవిడ ఒక పండు తీసి నోట్లో పెట్టుకుంది. నమలడానికి రసమేమీ లేదు. గింజ పంటి కింద పెట్టి కొరికింది. కరెంటు పోయి ఆ గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు, ఆ చిన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"పది రోజులైంది," అంది. "పది రోజుల కిందట కొయ్యాల్సింది వీటిని." ఇక ఆపుకోలేకపోయింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బల్ల మీదకి కన్నీళ్లు రాలుతుంటే తుడుచుకోకుండా కూర్చుంది.

ఉస్తాజ్ మునీఫ్ ఫైలు తడవకుండా పక్కకి జరిపాడు. నఖ్లే అర్జీ వెతికి తేదీ చూశాడు, వేళ్ల మీద లెక్కపెట్టాడు. సరిగ్గా పది. మనస్ఫూర్తిగా సంతోషించాడు. ఫలితం గడిలో "పక్వం, కోతకు అనుమతి మంజూరు" అని రాశాడు. పరికరం స్థితి అన్న గడిలో "అత్యుత్తమం, మరో అయిదేళ్లు చెల్లును" అని రాశాడు. కింద వివరాల గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు ఒప్పుకోరు కనుక, ఆవిడకేసి ఒకసారి చూసి, అది కూడా ఉన్నదున్నట్టే నింపాడు:

"పరికరం నుంచి కొద్దిగా నీరు కారుతోంది. కొలతకు ఇబ్బంది లేదు."