బీరువాల కొమ్మ కింద అక్కయ్య

లోకంలో ప్రతిదీ ఇంకోదాని కింద ఉంటుంది. దేని కిందా లేనిది అసలు ఉన్నట్టే కాదు. ఈ మహాసత్యాన్ని నీటి సరఫరా కార్యాలయం వారు కనిపెట్టి, మూడో అంతస్తులోని చల్లటి గదిలో, ఒక కంప్యూటర్ తెర మీద ప్రతిష్ఠించారు. దానికి కార్యాలయ వృక్షమని పేరు పెట్టారు. తెరవగానే 'కార్యాలయం' అనే ఒకే ఒక్క మాట, దాని పక్కన బుల్లి కూడిక గుర్తు కనిపిస్తాయి. గుర్తు నొక్కితే కింద విభాగాలు విచ్చుకుంటాయి. విభాగం పక్కన నొక్కితే గదులు, గది పక్కన నొక్కితే మనుషులూ సామానూ బయటపడతారు. విచ్చుకున్న చోట కూడిక గుర్తు కాస్తా తీసివేత గుర్తవుతుంది. దాన్ని నొక్కితే అందరూ మళ్ళీ లోపలికి ముడుచుకుపోతారు. (ముడుచుకునేటప్పుడు నొప్పి ఉండదని తయారుచేసిన కంపెనీ రాతపూర్వకంగా హామీ ఇచ్చింది.)

అంతకు ముందు ఆ ఆఫీసులో వివరాలు చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉండేవనీ, ఇప్పుడన్నీ ఒకే చెట్టుకు చేరాయనీ ప్రారంభోత్సవం రోజున పెద్దసారు చమత్కరించారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వలేదో కొమ్మలవారీగా చూసుకునే సదుపాయం ఉందని ఆయన ముందే చెప్పి ఉన్నారు.

చెట్టన్నాక తోటమాలి ఉండాలి కనుక, వృక్షాధికారి అనే కొత్త ఉద్యోగం పుట్టింది. అందులోకి వచ్చినాయన మెత్తటి మనిషి, ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఎవరైనా వాదనకు దిగితే వాళ్ళ విభాగం పక్కనున్న తీసివేత గుర్తు నొక్కేవాడు, వాదన ముగిసేది. ఒక శనివారం తెర శుభ్రంగా ఉంటుందని బిల్లుల విభాగాన్ని ముడిచి ఇంటికెళ్ళి, తెరవడం మరిచిపోయాడు. సోమవారం నుంచి ఆ విభాగానికి ఫైళ్ళు రాలేదు, ఫోన్లు రాలేదు, ఎవరూ తొంగి చూడలేదు. ఎన్నాళ్ళకో గుర్తొచ్చి కొమ్మ తెరిస్తే, లోపలి వాళ్ళంతా ఒళ్ళు చేసి, నిగనిగలాడుతూ కనిపించారు. "మీకు పుణ్యముంటుంది, మళ్ళీ ముడిచెయ్యండి సార్" అని ఆయన్ను బతిమాలుకున్నారు.

ఇదంతా జరుగుతున్నా రికార్డు గదిలో పనిచేసే ఆవిడకు వృక్షంతో పని పడలేదు. ఆవిడను ఆఫీసంతా అక్కయ్య అంటుంది. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా మొహమాటం లేకుండా అక్కయ్యే అంటారు. ఏ వీధి కింద ఏ పైపు పోతోందో గీసిన పాత పటాలను చుట్టలు చుట్టి ఇనుప బీరువాల్లో దాచడం, అడిగినవాళ్ళకు తీసివ్వడం ఆవిడ పని. దుమ్ముకు ఆవిడకు రోజూ పదిసార్లు పొలమారుతుంది, పదిసార్లూ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటుంది.

ఆ రోజు నిజంగానే తలుచుకున్నారు. పొరుగూరి నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ, డాక్టరమ్మ కాన్పు ఈ వారంలోనే అంటోందండీ."

అతని చేతిలోంచి కూతురు ఫోన్ లాక్కుంది. "అమ్మా, నాకు భయంగా ఉందే. నువ్వు వస్తున్నావుగా?"

"రాకుండా ఎక్కడికి పోతానే పిచ్చిమొద్దూ! రేపీపాటికి నీ పక్కనుంటాను."

మాట ధైర్యంగానే చెప్పింది గానీ, ఫోన్ పెట్టేశాక అక్కయ్యకు పాత సంగతి గుర్తొచ్చింది. తన తొలి కాన్పప్పుడు తల్లి రాలేకపోయింది. పురిటి నొప్పులు ఎప్పుడో మరిచిపోయింది గానీ, తలుపు చప్పుడైన ప్రతిసారీ తల తిప్పి చూడటం మాత్రం ఈనాటికీ మరవలేదు. తన బిడ్డ అలా తలుపు వంక చూడకూడదని అనుకుంది. తిన్నగా సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి, పది రోజులు సెలవు కావాలంది.

"దానికేం భాగ్యమమ్మా, తప్పకుండా వెళ్ళు" అని ఆయన కళ్ళజోడు సర్దుకుని, తెర మీద తన పేరు పక్కనున్న గుర్తు నొక్కాడు. కాసేపు చూశాడు. ముడిచి మళ్ళీ తెరిచాడు. "నువ్వు నా కింద లేవమ్మా" అన్నాడు.

"ఎదురుగా ఉన్నాను కదండీ!"

"ఎదురుగా ఉంటే చాలదు. కింద ఉండాలి. కింద ఉన్నవాళ్ళకే నేను సెలవివ్వగలను."

"మరి ఇన్నాళ్ళూ నాకు పని చెప్పింది మీరే కదా సార్?"

"అలవాటు కొద్దీ చెప్పి ఉంటాను" అని ఆయన నొచ్చుకున్నాడు. "ఏమీ అనుకోకమ్మా."

ఇద్దరూ కలిసి వెతకడం మొదలుపెట్టారు. (వెతుకులాటకు వృక్షంలో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. కాకపోతే అందులో పేరు రాసే ముందు, ఆ మనిషి ఏ కొమ్మ మీద ఉందో నింపాలి.) గుర్తులన్నీ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోగా పోగా, భోజనాల వేళ దాటాక దొరికింది. కార్యాలయం కింద సామగ్రి, సామగ్రి కింద ఫర్నిచర్, ఫర్నిచర్ కింద బీరువాలు, వాటి కింద ఇనుపవి. ఆ ఇనుపవాటి వరసలో ఆఖరున అక్కయ్య ఉంది.

"పోనీలే, చెక్కవాటిలో పడెయ్యలేదు" అని సూపరింటెండెంటు ఓదార్చాడు.

అక్కయ్య మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయింది. వృక్షాధికారి ఆవిడ గోడు మొత్తం ఓపిగ్గా విని, నిజాయితీగా ఒప్పుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. మిమ్మల్ని మౌస్‌తో పట్టుకుని 'ఉద్యోగులు' దగ్గరికి దించుతున్నాను. దారిలో 'ఫర్నిచర్' మీదికి రాగానే టీ వచ్చింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగితే చాలు, ఆ కొమ్మ దానంతటదే విచ్చుకుంటుంది. అది విచ్చుకుని 'ఉద్యోగులు'ను కిందికి తోసేసింది. నేను చూసుకోకుండా పాత చోటే వదిలాను. అప్పటికక్కడ బీరువాలున్నాయి."

"అయితే మళ్ళీ పట్టుకుని మనుషుల్లో వదిలెయ్యండి సార్. మీ చేతిలో పనేగా!"

"మనిషైతే వదిలేవాణ్ణమ్మా. ఇప్పుడు మీరు ఫర్నిచర్ కదా. బీరువాకు ఉద్యోగమిచ్చావేమిటని రేపు ఆడిటు వాళ్ళు నన్ను పట్టుకుంటారు." (ఆ ఆఫీసులో అలాంటిది ఎన్నడూ జరగలేదని కాదు, తెర మీద జరగలేదు.) "అర్జీ పెట్టండి. కొమ్మ మార్పిడి కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది."

"మూడు నెలలా! అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా సార్? బిడ్డ ఈ వారమే పుడుతుంది!"

"బిడ్డ ఎవరి కింద వస్తుందమ్మా?" అని ఆయన ఆసక్తిగా అడిగాడు.

"మా అమ్మాయి కింద!"

"సరైన పద్ధతి" అని ఆయన తలాడించాడు.

అక్కయ్యకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనబోయి, ఆయన చూపుడువేలు తీసివేత గుర్తు వైపు కదలడం చూసి, నోరు మూసుకుని కిందికి దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మెట్ల కింద స్టోరు గది కనిపించింది. ఫర్నిచరంతా స్టోరు కీపరు అధీనం. అంటే లెక్క ప్రకారం ఆవిడ అధికారి అతనే.

విరిగిన కుర్చీల మధ్య కూర్చున్న స్టోరు కీపరు కథంతా విని నాలుక కరుచుకున్నాడు. "అయ్యో అక్కయ్యా, ముందే నా దగ్గరికి రావద్దా?" అంటూ తెర మీద ఆవిడ పేరు నొక్కాడు. మూడు మాటలు వచ్చాయి: మరమ్మతుకు పంపు, వేరే ఆఫీసుకు తరలించు, పనికిరానిదిగా ప్రకటించు.

"మూడోది నొక్కకురా నాయనా" అంది అక్కయ్య గుండె పట్టుకుని.

"నొక్కుతానా! మరమ్మతుకు పంపిస్తా. బీరువాలకు పది రోజుల దాకా నేనే ఇవ్వగలను, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంతకీ ఏం పాడైందని రాయను? తలుపా, తాళమా, కాళ్ళా?"

"కాళ్ళని రాయి తమ్ముడూ. అబద్ధం కూడా కాదు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క దరఖాస్తు కూడా అంత వేగంగా మంజూరైన గుర్తు అక్కయ్యకు లేదు. చీటీ పట్టుకుని ఒక్క ఉరుకున గేటు దగ్గరికి పోయింది. అక్కడ వాచ్‌మన్ చీటీని రెండుసార్లు చదివి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమనుకోకండి అక్కయ్యగారూ. ఫర్నిచర్ తనంతట తాను నడిచి గేటు దాటకూడదు. ఇద్దరు మనుషులు మోసుకెళ్ళాలని ఇందులోనే ఉంది."

"నన్ను మోసుకెళ్ళాలా? నీ మొహం మండ! బస్సు వెళ్ళిపోతుందయ్యా!"

చివరికి రాజీ కుదిరింది. ఇద్దరు అటెండర్లు చెరో రెక్కా పట్టుకుని, గోడలకు తగలకుండా, కుదుపుల్లేకుండా ఆవిడను బస్టాపు దాకా దిగబెట్టారు. "నిలువుగా ఉంచండి, వాల్చకండి" అని వాచ్‌మన్ వెనకనుంచి హెచ్చరిస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రానికి అక్కయ్య ఆస్పత్రి చేరింది. కూతురు తలుపు వంకే చూస్తోంది. తల్లి కనబడగానే "వచ్చావా అమ్మా" అని చెయ్యి గట్టిగా పట్టుకుని, మర్నాడు మనవరాలు పుట్టేదాకా వదల్లేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని అక్కయ్య వెక్కి వెక్కి ఏడ్చింది, అచ్చంగా సంతోషంతోనే. (బీరువాలకు చెమ్మ తగలనివ్వరాదన్న నిబంధన ఆ పూట ఆవిడకు గుర్తు రాలేదు.) పది రోజులూ పది నిమిషాల్లా గడిచిపోయాయి. బయల్దేరుతుంటే కూతురు, "మళ్ళీ ఎప్పుడొస్తావే? నా ఒక్కదానివల్ల కావడం లేదు" అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అక్కయ్య పిల్ల దుప్పటి రెండుసార్లు సర్దింది.

ఆఫీసుకు రాగానే మూడో అంతస్తు నుంచి పిలుపు వచ్చింది. వృక్షాధికారి ముఖం వెలిగిపోతోంది.

"శుభవార్త అమ్మా! మీ కోసం ప్రత్యేకంగా కమిటీని కూర్చోబెట్టాను. మిమ్మల్ని మనిషిగా మార్చడానికి ఒప్పుకున్నారు. మీరు ఊఁ అంటే ఇప్పుడే పట్టుకుని 'ఉద్యోగులు' కింద వదిలేస్తాను. ఈసారి టీ కూడా వద్దన్నాను."

"చాలా సంతోషం సార్."

"ఒక్కటే చిక్కు. మనుషులకు మరమ్మతు లేదు. మీరు మనిషైతే, ఆ పది రోజులూ చెప్పకుండా పోయినట్టవుతుంది. సర్వీసు తెగిపోతుంది. మొదటినుంచీ మొదలుపెట్టాలి."

అక్కయ్య తన సర్వీసు ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "బీరువాగానే ఉండిపోతే?"

"అప్పుడంతా సక్రమమే. మరమ్మతైంది, తిరిగొచ్చింది. అవసరాన్ని బట్టి మళ్ళీ పంపించుకోవచ్చు కూడా."

"వచ్చే నెల పంపిస్తారా?"

"స్టోరు కీపరు ఇష్టం. నన్ను అడగనే అక్కర్లేదు."

అక్కయ్యకు కూతురి ముఖం కళ్ళముందు మెదిలింది. పిల్లకు ఇంకా మెడ కూడా నిలవలేదు. ఈ ఆఫీసులో మనిషిగా ఉన్నన్నాళ్ళూ తనను రమ్మన్నవాళ్ళే గానీ, వెళ్ళిరమ్మన్నవాళ్ళు లేరు.

"అలాగే ఉండనివ్వండి సార్" అంది.

వృక్షాధికారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. వ్యవహారం ఇంత మర్యాదగా తెమిలినందుకు మనసారా మురిసిపోయి, "ఇంతసేపూ నిలబడే ఉన్నారేమిటమ్మా, కూర్చోండి" అనబోయి, ఎదురుగా ఉన్న కుర్చీ వంక చూసి చటుక్కున ఆగిపోయాడు. ఫర్నిచర్ మీద ఫర్నిచర్ పెట్టరాదు.