వీధి కొలిచిన దర్జీ

దర్జీ ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దమ్మకు పదింటికి వస్తానని చెప్పాడు. బస్సు ఏడింటికే దింపేసింది. ఆ మూడు గంటల్లో, ముప్పై ఐదేళ్ల కిందట విడిచి వెళ్లిన తన వీధిని కళ్లారా చూసుకుని, చిన్న కొలత ఒకటి తీసుకుని, ఏమీ ఎరగనట్టు వీధి చివర ఉన్న పెద్దమ్మ ఇంటి తలుపు తట్టాలి.

ఆ కొలత గొడవ అక్కతో. తొమ్మిదేళ్ల వయసులో తమ గుమ్మం నుంచి ఎదురింటి గుమ్మంలోకి ఒక్క గెంతులో దూకానని దర్జీ ఇప్పటికీ చెప్పుకుంటాడు. అక్క ఇప్పటికీ నవ్వుతుంది. వీధి వెడల్పు ఎంతో తేలిస్తే ఎవరిది అబద్ధమో తేలిపోతుంది.

వీధిలో అడుగుపెట్టగానే మనసు చివుక్కుమంది. ఒకప్పుడు మూడు సైకిళ్లు పక్కపక్కన పోయిన వీధి, ఇప్పుడు రెండు గొడుగులు విప్పితే నిండిపోయేలా ఉంది. మనం పెరిగితే చిన్నప్పటివన్నీ చిన్నగా కనిపిస్తాయంటారు కదా, అదే కాబోలు అనుకుని జేబులోంచి టేపు తీశాడు. దర్జీ టేపు ఐదు అడుగులే. అందుకని ఐదేసి అడుగులకు నీలం సుద్దతో గీత పెడుతూ, వంగి వంగి కొలవసాగాడు.

ఎదురింటి మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తున్న నర్సమ్మ తొంగి చూసింది.

"ఏం కొలుస్తున్నారండీ?"

"వీధండీ," అన్నాడు దర్జీ. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "ఇదివరకు ఇంత ఇరుకుగా ఉండేది కాదే!" అని కూడా అన్నాడు.

నర్సమ్మ చేతిలో చెంబు జారి కింద పడింది.

రెండు నిమిషాల్లో దర్జీ పాత ఇంట్లో ఇప్పుడు ఉంటున్న ఫొటో స్టూడియో ఆయన, ఒక చెంప నిండా సబ్బు నురగతో బయటికి వచ్చాడు. "సార్, ముందు లోపలికి రండి. కాస్త టీ తాగండి. ఈ మెట్లు నేను కట్టించినవి కావు సార్. ఇల్లు కొన్నప్పుడే ఉన్నాయి."

"ఉన్నాయి గానీ, రెండే ఉండేవి," అన్నాడు దర్జీ గుర్తు తెచ్చుకుంటూ. ఇప్పుడు నాలుగున్నాయి.

ఫొటో ఆయన చెంప మీది నురగ గబగబా తుడిచేసుకున్నాడు. "పాత రికార్డులన్నీ చూసే వచ్చారన్నమాట."

"రికార్డులేంటండీ? నేను దర్జీని. బట్టలు కుడతాను."

"అలాగే సార్. కిందటేడు పక్కవీధికి వచ్చినాయన కూడా ఇలాగే, పిల్లి తప్పిపోయింది, వెతుక్కుంటున్నానన్నాడు. తీరా చూస్తే మునిసిపల్ ఆఫీసరు. వారం తిరక్కుండా ఆరు గోడలు పడిపోయాయి."

దర్జీ లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఆ మాటలేమీ బుర్రకెక్కలేదు గానీ, టీ మాత్రం బాగుంది. తాగుతూ మొహమాటంగా అడిగాడు. "ఆ వెనక గది ఒకసారి చూడొచ్చా?"

తను పుట్టింది ఆ గదిలోనే. కానీ ఫొటో ఆయన ఆ గదిని ఎవరి అనుమతీ లేకుండా నాలుగు అడుగులు వెనక్కి పెంచి ఉన్నాడు. "వెనక గది సంగతి కూడా తెలుసా!" అంటూనే దారి చూపించాడు.

గది పక్క గోడకు పాత కిటికీ అలాగే ఉంది. కింది చువ్వ వంకర కూడా అలాగే ఉంది. అక్కా తనూ దొంగచాటుగా బయటికి దూరడానికి వంచిన చువ్వ అది. దాన్ని తడిమేసరికి దర్జీ కళ్లు చెమర్చాయి. ఫొటో ఆయన అది చూసి, ఆఫీసరే ఏడ్చాడంటే తన కేసు ఎంత ముదిరిందోనని బెంబేలెత్తి, వీధిలోకి ఒకటే పరుగు తీశాడు.

దర్జీ బయటికి వచ్చేసరికి వీధంతా కదిలింది. మనంతట మనమే తీసేస్తే కేసు రాయరట అని ఎవరో అన్నారు. నర్సమ్మ కుండీల గట్టు ఊడదీయిస్తోంది. ఎవరో రేకుల పందిరి చుట్టేస్తున్నారు. ఏళ్ల తరబడి కదలని స్కూటరును నలుగురు మోసుకుపోతున్నారు. ఫొటో ఆయన తన మెట్ల మీద తనే గడ్డపార వేశాడు.

"అయ్యో, వద్దండీ! ఆగండి!" అని దర్జీ మొత్తుకున్నాడు.

"ఎంత మర్యాదగా చెబుతున్నారో చూడండి," అంటూ ఇంకో గడ్డపార వచ్చింది.

గంట తిరిగేసరికి వీధి పద్నాలుగు అడుగులు తేలింది. అంటే వీధి చిన్నప్పటిదే, దర్జీ కళ్లదేమీ తప్పు లేదు. అక్క మాటే నిజమని మాత్రం ఒప్పుకోక తప్పలేదు. అంత దూరం గుర్రం దూకాలి.

సరిగ్గా అప్పుడే వీధి చివర నుంచి పెద్దమ్మ వచ్చింది. రిటైరైన లెక్కల పంతులమ్మ. "పంతులమ్మ గారూ, ఆఫీసరు గారికి మీరైనా ఓ మాట చెప్పండి," అని అందరూ చుట్టుముట్టారు. ఆవిడ కళ్లజోడు పైనుంచి ఆఫీసరును చూసింది. దర్జీ పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్దమ్మ చూపు అతని మీద నుంచి వీధి మీదకు మళ్లింది. నాలుగేళ్ల కిందట పెదనాన్న జారిపడి తుంటి విరిగినప్పుడు అంబులెన్సు ఈ వీధిలోకి రాలేకపోయింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అందరి మెట్లకూ తగిలిస్తూ మోసుకుపోయారు. అప్పటి నుంచి ఆయన చక్రాల కుర్చీలోనే, గడప లోపలే. ఆవిడ మునిసిపల్ ఆఫీసుకు పదకొండు అర్జీలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు.

"నమస్కారం ఆఫీసరు గారూ," అంది పెద్దమ్మ. "ఇన్నాళ్లకు వచ్చారా? ఆ మలుపు దగ్గర గోడ వదిలేశారేం?" దగ్గరికి వచ్చి మోచేతి మీద కండ ఊడేలా గిల్లింది. చిన్నప్పుడు దానికి నోరు మూసుకోమని అర్థం. అర్థమేమీ మారలేదు.

మలుపు గోడ కూడా అయ్యాక నర్సమ్మ గొంతు సవరించుకుంది. "పంతులమ్మ గారి మెట్లు కూడా కొలవండి సార్. అందరికీ ఒకటే న్యాయం కదా."

"కొలవండి. నాకేం భయం?" అంది పెద్దమ్మ.

దర్జీ కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"సరిగ్గా చూడరా," అని పెద్దమ్మ పళ్ల బిగువున గొణిగింది.

"చూశాను పెద్దమ్మా," అని అతనూ గొణిగాడు. కళ్లు గట్టిగా మూసుకుని, ఆవిడ ముందు జన్మలో మొదటిసారి గొంతు పెంచాడు. "అడుగున్నర బయటికి ఉన్నాయండీ!"

పెద్దమ్మ టేపు లాక్కుని స్వయంగా కొలిచింది. ఒకటీ ముప్పావు వచ్చింది.

"నీకు లెక్కలు ఎప్పటికీ రావు," అని గొణిగి, ఫొటో ఆయన వైపు తిరిగింది. "ఆ గడ్డపార ఇటివ్వండి."

మధ్యాహ్నానికి పెద్దమ్మ ఇంటికి మెట్లు లేవు. గుమ్మానికి ఏటవాలుగా ఒక మందపాటి చెక్క వేశారు. ఆ చెక్క మీదుగా చక్రాల కుర్చీ జర్రున కిందికి దిగింది. ఇన్నేళ్లూ తమ మెట్ల వల్లే దిగలేదన్న సంగతి ఆ ఇంట్లో లెక్కల పంతులమ్మతో సహా ఎవరికీ తట్టలేదు.

దర్జీ కుర్చీ తోస్తుంటే, పెదనాన్న నాలుగేళ్ల తరువాత వీధి ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్లాడు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆపించి అందరినీ పేరుపేరునా పలకరించాడు. ఫొటో ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. నర్సమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఎవరో గానీ గట్టి ఆఫీసరు!" అన్నాడు పెదనాన్న మురిసిపోతూ. తరువాత వెనక్కి తిరిగి, చెమటలు కక్కుతూ కుర్చీ తోస్తున్న దర్జీని చూసి నిట్టూర్చాడు. "నువ్వూ చిన్నప్పుడు బుద్ధిగా చదువుకుని ఉంటే ఈపాటికి అంతవాడివి అయ్యేవాడివిరా."