భయంతో లేచిన కంచె

“గుడారానికి గొళ్ళెం లేదేవిటండీ? సింహం వస్తే గుడ్డ లాగి మూసుకోమంటారా?” అని జీపులోంచి సామాను దించకముందే అడిగింది సీతారత్నం. టాంజానియా అడవిలోని ఆ చిన్న క్యాంపులో గొళ్ళాలూ లేవు, కంచే లేదు. బస చేసినవాళ్ళలో ఒకరు పడే భయమే పొద్దువాలేసరికి కంచెగా లేచి జంతువులను ఆపుతుంది.

ఈ సంగతిని క్యాంపు చూసుకునే సత్తిబాబు, మంచినీళ్ళు ఏ డ్రమ్ములో ఉన్నాయో చెప్పినంత మామూలుగా చెప్పాడు. అతనిది అమలాపురం పక్కన పల్లెటూరు.

“ఇనప కంచెనైతే ఏనుగు తోసేస్తదండి. భయాన్ని తొయ్యలేదండి. గుడారానికొకరు భయపడితే మిగతావోళ్ళు హాయిగా పడుకోవచ్చండి. మొన్న ధ్యానం నేర్పే మొగుడూ పెళ్ళాం వచ్చారండి. ఎంత కూర్చున్నా భయం పుట్టలేదు పాపం. చీకటి పడకుండా టౌనుకి పంపించేశాం.”

నియమం ప్రకారం పరీక్ష జరిగింది. పార్కు ఉద్యోగి ఒకాయన సీతారత్నం కుటుంబంలో ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు. సత్తిబాబు దాన్ని తెలుగులో చెప్పాడు: కుళాయి కారుతోంది, ఏమవుతుంది?

“బకెట్టు నిండుతుంది,” అన్నాడు సీతారత్నం భర్త పేర్రాజు.

“ఎవరో ఒకరు కట్టేస్తారు,” అంది కూతురు ప్రణవి.

సీతారత్నం మాత్రం నేల తడుస్తుందనీ, పిల్ల కాలు జారుతుందనీ, తల రాయికి తగులుతుందనీ, ఆస్పత్రికి వెళ్ళే జీపులో డీజిలుండదనీ, ఉన్నా డ్రైవరు తాగి ఉంటాడనీ చెప్పుకుపోతుంటే ఉద్యోగి చెయ్యెత్తి ఆపాడు. ఆమెకు ఒక చెక్క కుర్చీ, ఫ్లాస్కు నిండా టీ ఇప్పించాడు.

“ఇన్నాళ్ళకి మా ఆవిడకి ఉద్యోగం దొరికింది,” అన్నాడు పేర్రాజు.

“నవ్వండి, నవ్వండి. ఆ బూట్లో తేలుందేమో చూసుకుని మరీ నవ్వండి,” అంది సీతారత్నం. బూట్ల చుట్టూ జానెడెత్తు ముళ్ళకంప లేచింది.

పెందరాళే అన్నాలు తిని తండ్రీ కూతుళ్ళు గుడారంలోకి వెళ్ళారు. సీతారత్నం గుమ్మం ముందు కూర్చుని పని మొదలుపెట్టింది. ప్రణవికి దోమ కుడుతుందేమో, జ్వరమొస్తుందేమో అనుకోగానే గుడారం చుట్టూ కంప లేచింది. పేర్రాజు టార్చి లేకుండా బయటికెళతాడని తలచుకోగానే మరుగుదొడ్డి దారికి రెండు పక్కలా లేచింది. వంటవాడి గురించీ ఒకసారి భయపడింది. వంటపాక కూడా లోపలికొచ్చింది. ఒక దుమ్ములగొండి వచ్చి, వాసన చూసి, వెనక్కి పోయింది.

సత్తిబాబు లాంతరుతో తనిఖీకి వచ్చాడు.

“పని బ్రహ్మాండంగా ఉందండి పిన్నిగారూ. కాకపోతే మీ కుర్చీ బయటుండిపోయిందండి.”

సీతారత్నం వెనక్కి తిరిగి చూసింది. కంప ఆమె వీపు వెనకనుంచి పోయింది. కుర్చీ లోపలికి జరుపుకోబోతే కంప కూడా అంత దూరమూ జరిగింది.

“పోనీ, నా గురించి నేనే భయపడతాను.”

“అలా లేవదండి. ఎవరి గురించైనా ఇంకొకరే భయపడాలి. ఇక్కడ రూలు అదేనండి,” అని చెప్పి సత్తిబాబు తన గుడారానికి వెళ్ళిపోయాడు. అక్కడ అతని గురించి భయపడే భార్య ఉంది.

కుర్చీకి ఎదురుగా ఎండుగడ్డి కదిలింది. గాలి లేదు.

“ఏవండీ,” అని పిలిచింది సీతారత్నం. “అమ్మడూ! ఎవరో ఒకరు, ఒక్క నిమిషం నా గురించి భయపడండర్రా.”

గడ్డి మళ్ళీ కదిలింది, ఈసారి దగ్గరగా. పచ్చిమాంసం వాసన వచ్చింది. ఎందుకు పలకరు వీళ్ళు? లోపల ఊపిరాడుతోందా? పామేమైనా దూరిందా? ఆ ఆలోచన రాగానే గుడారం చుట్టూ కంప ఇంకో మూరెడు పెరిగి, ఆమెకు గుమ్మం కూడా కనబడకుండా మూసుకుపోయింది.

ఆమె రెండు కాళ్ళూ కుర్చీ మీదికి ముడుచుకుని, చెవి అటే పెట్టి కూర్చుంది. చాలాసేపటికి పేర్రాజు గొంతు వినబడింది, నిద్రమత్తులో, ఎంతో ప్రేమగా.

“నువ్వున్నావుగా సీతా, ఇంక భయం దేనికే?”