ఎరుపు తగ్గించిన దేశపటం

దేశంలో నీటి కరువు తీరాలంటే చెరువులు తవ్వక్కర్లేదు, గొట్టాలు వేయక్కర్లేదు. ఒక దేశపటం, మూడు రంగులు, ఒక ప్రొజెక్టర్ ఉంటే చాలు! నవ్వకండి. నీటి సరఫరా ఆఫీసులో ఆ రంగులు వేసే ఉద్యోగం నాదే. కళ్ళారా చూసి చెబుతున్నాను.

పద్ధతి చాలా తేలిక. నీళ్ళు పుష్కలంగా ఉన్న ప్రాంతానికి ఆకుపచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, అసలు లేకపోతే ఎరుపు. ట్యాంకర్ల డిపోకి కూడా మా పటమే వెళుతుంది. ఎరుపు ఉన్నచోటికే ట్యాంకర్ కదులుతుంది. ఇంతకంటే న్యాయం ఎక్కడైనా ఉందా?

పూర్వం ఏ ఊళ్ళో ఏం జరుగుతోందో తెలియాలంటే బస్సెక్కి వెళ్ళాలి, ఎండలో తిరగాలి, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ చేత చీవాట్లు తినాలి. ఇప్పుడా బాధ లేదు. ఏసీ గదిలో లైట్లార్పేసి, బిస్కెట్ కొరుక్కుంటూ దేశమంతా చుట్టి రావచ్చు. పటం మనల్ని తిట్టదు. ఖాళీ బిందె ఎత్తి చూపించదు!

మొన్న పెద్ద మీటింగుకి ముందు మా సార్ పటం చూసి మొహం చిట్లించారు.

"ఏంటమ్మా ఇంత ఎరుపు? దేశానికి తట్టు పోసినట్టుంది!"

"అక్కడ నీళ్ళు లేవండి."

"లేకపోతే మాత్రం? చూసేవాళ్ళ కళ్ళేం కావాలి? కొంచెం పచ్చ తగిలించు."

తగిలించాను. మీటింగులో చప్పట్లే చప్పట్లు! ఒక్క పూటలో అంత కరువు మాయం చేయడం ఏ మేఘం తరమవుతుంది చెప్పండి?

అలా పచ్చబడ్డవాటిలో మా అక్క ఉండే ప్రాంతం కూడా ఉంది. అక్కకి లాండ్రీ దుకాణం. నిన్న ఫోన్ చేసింది.

"ఏమే, ట్యాంకర్ ఏమైందే? లాడ్జి దుప్పట్లు గుట్టపడి ఉన్నాయి. రేపు సాయంత్రానికి ఇవ్వకపోతే వేరే దుకాణం చూసుకుంటానంటున్నాడు ఆ లాడ్జాయన. ఉన్న ఒక్క పెద్ద బేరం కూడా పోతే నేను షట్టర్ దించుకోవాల్సిందే."

"మీది ఆకుపచ్చ అయిందక్కా."

"పచ్చేంటే నీ మొహం! కొళాయి తిప్పితే గాలొస్తోంది. ఆ దుప్పట్లేవో మీ సార్‌కే పంపిస్తా, ఆ పచ్చలోనే ఉతికిపెట్టమను!"

మామూలు జనంతో ఇదే చిక్కు. శుభ్రమైన పటాన్ని వదిలేసి, పోయి పోయి కొళాయిని నమ్ముతారు!

ఇవాళ పొద్దున మా ఆఫీసులోనే నీళ్ళు ఆగిపోయాయి. మా సార్ మొహం నిండా సబ్బు నురగతో, తడుముకుంటూ బయటికొచ్చారు.

"ట్యాంకర్‌కి ఫోన్ చెయ్యమ్మా!"

"చేశానండి. మనది ఆకుపచ్చట. రామన్నారు."

"కళ్ళు మండిపోతున్నాయమ్మా! మన ప్రాంతం ఎరుపు చేసెయ్, వెంటనే!"

"ఇంత పచ్చలో ఒక్కటే ఎరుపు మచ్చ... బావుండదేమోనండి."

"బావుండేలా నువ్వే చూడు తల్లీ!"

చూశాను. మ్యాచింగ్ బాగా కుదరాలని అక్క ప్రాంతానికీ, పచ్చ తగిలించిన మిగతావాటికీ పాత ఎరుపే వేసి డిపోకి పంపించాను.

సాయంత్రం అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ట్యాంకర్ వచ్చిందట, దుప్పట్లు లాడ్జికి చేరాయట.

"మీ సార్ ధర్మాత్ముడే! ఎవరికీ చెప్పకుండా మా ఊరొచ్చి మా అవస్థ చూసి వెళ్ళాడా ఏంటే?"

"లేదక్కా," అన్నాను. "ఆయన కళ్ళలో సబ్బు పడింది."