వరసలో ఆగిన 'ఏమీ లేదు'

ఒక పెద్ద అడవిలో కొండ మీది కబురు పల్లానికి చేరాలంటే కొండముచ్చుల లైనే దిక్కు. శిఖరం నుంచి ఏటిగట్టు దాకా చెట్టుకొకటి కూర్చుని, పైవాడు చెప్పింది కిందివాడికి అప్పజెప్పేవి. లైను మీద ఒక విడతకి ఒక్క కబురే నడిచేది. నెమళ్ళు తమ నాట్యం గురించి, గోరింకలు పక్కగూటి గురించి రోజంతా పంపుతుంటే లైను కిక్కిరిసిపోయింది.

ఒకనాడు సింహంగారి కబురు కోతి పెళ్ళిపిలుపు వెనకాల ఆగిపోయింది. అంతే, మర్నాటికల్లా లైనుకో అధికారి వచ్చాడు. ఆయన మార్కండేయులనే ఏదుపంది. ఏటిగట్టు బొరియలో భార్యాపిల్లల్ని వదిలి, కొండెక్కి బాధ్యతలు స్వీకరించాడు.

మార్కండేయులు చదువుకున్నవాడు. కబుర్లన్నిటినీ తరగతులుగా విడగొట్టాడు. ముందు రాజుగారివి, తర్వాత అధికారులవి, ఆ తర్వాత కానుకలిచ్చేవారివి. మిగతావన్నీ ఖాళీ దొరికితే. పై తరగతి కబురు నడుస్తుండగా మధ్యలో ఎవరూ దూరకూడదు. ఒకరు పంపిన కబుర్లు వాళ్ళు పంపిన వరసలోనే వెళ్ళాలి, పాతది పోకుండా కొత్తది కదలకూడదు.

"మరి నా సంగతేంటండి?" అన్నాడు నీటికుక్క నీలాద్రి. ఎగువ మడుగు దగ్గర ఏరు చూసి, రోజూ పొద్దున్నే పల్లానికి కబురు పంపడం అతని ఉద్యోగం.

"ఇన్నాళ్ళూ ఏం పంపావు?"

"ఏమీ లేదు అని పంపానండి."

"రోజూనా?"

"రోజూనండి. ఏమీ లేదు కదండీ మరి."

ఏమీ లేనిదానికి లైనెందుకని మార్కండేయులు అతన్ని ఆఖరి తరగతిలో పడేశాడు. ఆ తరగతికి ఖాళీ దొరకనే లేదు. నీలాద్రి మాత్రం రోజూ వచ్చి తన 'ఏమీ లేదు' చెప్పిపోతూనే ఉన్నాడు.

పై తరగతుల్లో రద్దీ తగ్గింది. ఆ సందర్భంగా రాజుగారు మార్కండేయులిని మెచ్చుకుంటూ ఒక ఉపన్యాసం ఇచ్చారు. అది మొదటి తరగతిలో, పొల్లుపోకుండా పల్లానికి బయల్దేరింది. మార్కండేయులు మొదటి కొండముచ్చు పక్కన కూర్చుని దాన్ని రెండోసారి వింటున్నాడు.

అప్పుడే నీలాద్రి రొప్పుకుంటూ వచ్చాడు. "ఎగువన వాన దంచేస్తోందండి. మడుగు పొంగింది. వరద పల్లానికి దిగుతోంది, అందర్నీ లేచి పొమ్మనండి."

మార్కండేయులికి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. భార్య సూరమ్మ, పిల్లలు బొరియలోనే ఉన్నారు.

"ఒరే కోటీ, ఉపన్యాసం ఆపి ఇది పంపరా."

"కుదరదండి," అన్నాడు కొండముచ్చు కోటి. "మధ్యలో ఎవరు దూరినా నా ఉద్యోగం ఊడుతుందని మీరే అన్నారు."

"నేనే చెబుతున్నా కదరా."

"మీ మాట రెండో తరగతండి. నడిచేది మొదటిది."

"సరే, అది అవగానే పంపు."

"నీలాద్రిగారివి పాతవి చాలా ఉన్నాయండి. అవన్నీ వెళ్ళాకే ఇది."

ఇక లాభం లేదని మార్కండేయులు కొండ దిగడం మొదలుపెట్టాడు. పొట్టి కాళ్ళాయె, పైగా ముళ్ళు పొదలకు తగులుకుంటున్నాయి. తల మీద చెట్లలో తన ప్రతిభ గురించి రాజుగారి మాటలు తనకంటే ముందే దిగిపోతున్నాయి. సగం దారిలో ఉపన్యాసం అయిపోయింది. ఆ వెనకే 'ఏమీ లేదు' దిగింది. మళ్ళీ 'ఏమీ లేదు'. మళ్ళీ అదే. ఆయనకు ఏడుపొచ్చింది. అది విని సూరమ్మ నిశ్చింతగా పిల్లల్ని జోకొడుతూ ఉంటుందని అనుకున్నాడు.

చేరేసరికి బొరియ లేదు. ఆ చోట బురదనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. అక్కడే కూలబడి, పిల్లల్ని పేరుపేరునా పిలుస్తూ ఏడ్చాడు.

"ఇటు చూడండి," అంది సూరమ్మ పైనున్న బండ మీంచి. పిల్లలు ఆమె పక్కనే ఉన్నారు. పల్లంలోని జంతువులన్నీ మూటలతో ఆమె వెనక నిలబడి ఉన్నాయి.

"వరద కబురు అందిందా?" అన్నాడు నమ్మలేక.

"లేదండి, ఏమీ లేదని వచ్చింది. ఒకసారి వస్తే ఊరుకునేదాన్నే. పైనుంచి అదేపనిగా అదే చెబుతుంటే భయమేసింది. పిల్లల్ని లేపుకుని వచ్చేశాను. నన్ను చూసి వీళ్ళూ వచ్చారు."

వరద కబురు మర్నాడు చేరింది. ఒక్క ప్రాణమూ పోలేదని తెలిసి రాజుగారు కొత్త విధానాన్ని మెచ్చుకుంటూ ఇంకో ఉపన్యాసం పంపారు. మార్కండేయులు మాత్రం కాపురం బండ మీదికి మార్చేశాడు.

ఇందులో నీతి: ఏలినవారు ఏమీ లేదని ఒకసారంటే నమ్మాలి, పదిసార్లంటే మూట సర్దుకోవాలి.